కలసి వ్రాసుకొనే పాఠాల జాలస్థలికి సాఫ్ట్‌వేరును ఎన్నుకోవడం ఎలా?

సరిహద్దు జిల్లాలలో తెలుగు చదువుకొనే పిల్లలకు పుస్తకాల కొరత కొత్తది కాదు. ఆ కొరతను కొంతైనా తీర్చుకొనేందుకు ఉపాధ్యాయులు, చదువుకొన్న యువకులు, సంఘాల పెద్దలు కలసి పాఠాలను తామే వ్రాసి అంతర్జాలంలో ఒకచోట ఉంచుకోవాలని తలపెట్టడం మెచ్చదగిన పని. ఆ పనికి పూనుకొన్న చోట మొదటి సమావేశంలోనే ఒక ప్రశ్న వస్తుంది. ఈ జాలస్థలిని దేనితో కట్టాలి? బెంగళూరులోనో, చెన్నైలోనో, పుణేలోనో కొలువు చేస్తున్న ఊరి యువకుడు తనకు చేతనైన సాఫ్ట్‌వేరు పేరు చెబుతాడు. తక్కినవారు తలలూపుతారు. పని మొదలవుతుంది. రెండేళ్ళ తరువాత, మూడు వందల పాఠాలు చేరినాక, అది తగినది కాదని తేలితే మార్చుకోవడం మహా కష్టం. కనుక సాంకేతిక విద్య చదవని తల్లిదండ్రులు కూడా ఆ సమావేశంలో కూర్చొని నాలుగు ప్రశ్నలు అడగగలిగేటట్లు ఈ విషయాన్ని ఇక్కడ వివరిస్తున్నాము.

ముందుగా పేరు సంగతి. కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, పొట్టిగా సి.ఎం.ఎస్., తెలుగులో విషయ నిర్వహణ వ్యవస్థ. జాలస్థలి అనగా వెబ్‌సైటు. పూర్వం ఒక్కొక్క పుటను హెచ్.టి.ఎం.ఎల్. భాషలో విడివిడిగా వ్రాసి సర్వరుకు ఎక్కించవలసి వచ్చేది. ఒక అక్షరం దిద్దాలన్నా ఆ విద్య తెలిసినవాడే కావాలి. సి.ఎం.ఎస్. ఉంటే ఆ అవసరం లేదు. పేరు, రహస్యపదం ఇచ్చి లోపలికి వెళ్ళి, పెట్టెలో తెలుగులో వ్రాసి, భద్రపరచు అనే మీట నొక్కితే చాలు. పుటను అందంగా అమర్చడం, జాబితాలో చేర్చడం, వెదికినపుడు చూపడం అది చూసుకొంటుంది. ఎవరు వ్రాయవచ్చు, ఎవరు దిద్దవచ్చు, ఎవరు చదవడానికి మాత్రమే అర్హులు అన్న అధికారాలను కూడా అదే పంచుతుంది.

ఈ వ్యాసంలో పేర్కొనే వ్యవస్థలన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. అనగా వెల లేదు, మూలసంకేతం బహిరంగం, ఎవరైనా మార్చుకోవచ్చు. వెల లేదనగానే ఖర్చు లేదని భావించరాదు. సర్వరు అద్దె, పేరు నమోదు, వీటికి ఏటేటా రుసుము ఉంటుంది. అంతకంటె పెద్ద ఖర్చు మనిషి కాలం.

మన పాఠాలకున్న ప్రత్యేకత

రాజధానిలోని పాఠశాలకు సరిపడే సాఫ్ట్‌వేరు మనకూ సరిపోతుందని అనుకోవడంలోనే చిక్కు ఉన్నది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతి కల్పించవలెనని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతున్నది. 1956 నాటి ఏడవ సవరణతో అది చేరింది. కానీ వసతి ఉన్నచోట కూడా రాష్ట్రానికొక పాఠ్యక్రమం. ముళబాగిలు పిల్లవాని అయిదవ తరగతి పుస్తకమూ, కృష్ణగిరి పిల్లవాని అయిదవ తరగతి పుస్తకమూ ఒకటి కావు. తమిళనాడులో 2006లో చేసిన తమిళ అభ్యసన చట్టం తరువాత అక్కడి తెలుగు పిల్లల చదువులో భాషల అమరికే మారిపోయింది. కర్ణాటకలో తెలుగులో మొదలుపెట్టిన బిడ్డ మధ్యలో కన్నడ మాధ్యమానికి మారడం ఇంటింటా చూస్తున్నదే. ఒడిశాలో, మహారాష్ట్రలో లిపి కూడా వేరు.

ఇందువలన “అయిదవ తరగతి, మూడవ పాఠం” అని గదులు కట్టి పాఠాలు పెడితే ఒక రాష్ట్రం పిల్లలకు పనికివచ్చినది మరొక రాష్ట్రం పిల్లలకు దొరకదు. గదులు విషయాన్ని బట్టి ఉండాలి. భిన్నాలు ఒక గది, నేలల రకాలు ఒక గది, సంధులు ఒక గది. ఏ రాష్ట్రంలో ఏ తరగతికి ఆ పాఠం వస్తుందో పుట అడుగున సూచన వ్రాసుకోవాలి.

మాటల సంగతి మరీ ముఖ్యం. ఆకులు ఎండలో ఆహారం తయారు చేసుకోవడాన్ని తెలుగు పుస్తకం కిరణజన్య సంయోగక్రియ అంటుంది. కన్నడంలో అది ద్యుతిసంశ్లేషణె, తమిళంలో ఒళిచ్చేర్క్కై, మరాఠీలో ప్రకాశసంశ్లేషణ, ఒడియాలో ఆలోకశ్లేషణ. మన పిల్లవాడు బడిలో ఒక మాట విని, ఇంటికి వచ్చి తెలుగులో చదవాలంటే ఆ రెండు మాటలూ ఒకటేనని ఎవరో చెప్పాలి. అమ్మానాన్నలు చెప్పలేకపోవచ్చు, పక్క రాష్ట్రంలో చదివిన మామయ్యకు బడి మాట తెలియకపోవచ్చు. ఏ పేరుతో వెదికినా ఒకే పాఠానికి చేర్చే సాఫ్ట్‌వేరు మనకు కావాలి. ఈ ఒక్క కొలతబద్దతోనే ఎన్నో వ్యవస్థలు ప్రక్కకు తప్పుకొంటాయి.

రెండు వేర్వేరు పనులు

కలసి నేర్చుకొనే జాలస్థలి అన్న మాటలో రెండు పనులు కలసిపోయి ఉన్నాయి. ఒకటి, నలుగురు కలసి పాఠాన్ని వ్రాయడం, దిద్దడం, పెంచడం. రెండవది, వ్రాసిన పాఠాన్ని ఒక ఉపాధ్యాయుడు ఒక తరగతికి బోధించడం, అభ్యాసాలు ఇవ్వడం, మార్కులు వేయడం, ఎవరు ఎంతవరకు వచ్చారో చూసుకోవడం. మొదటిదానికి వికీ తగినది. రెండవదానికి అభ్యసన నిర్వహణ వ్యవస్థ తగినది. రెంటినీ ఒకే పెట్టెలో కుక్కాలని చూసినపుడు సాధారణంగా ఏదీ సరిగా సాగదు. మన సమావేశాలలో మొదట తేల్చుకోవలసినది సాఫ్ట్‌వేరు పేరు కాదు, మనం చేయబోయేది ఈ రెంటిలో ఏది అన్నదే.

వికీ అన్నది హవాయి భాషలో “త్వరగా” అనే అర్థమిచ్చే పదం. హొనొలులు విమానాశ్రయంలోని బస్సుకు ఆ పేరుండటం చూసి అమెరికా ప్రోగ్రామరు వార్డ్ కన్నింగ్‌హామ్ 1995 మార్చిలో తాను ప్రారంభించిన జాలస్థలికి ఆ పేరు పెట్టాడు. ఎవరైనా పుటను అక్కడికక్కడే మార్చగలగడం దాని విశేషం. 2001లో పుట్టిన వికీపీడియా మొదట వేరొక చిన్న సాఫ్ట్‌వేరుపై నడిచింది. జర్మనీకి చెందిన మాగ్నస్ మన్‌స్కె వ్రాసిన పి.హెచ్.పి. సాఫ్ట్‌వేరుకు 2002లో మారింది. అది పెరిగి, మారి, నేడు మీడియావికీ పేరుతో నడుస్తున్నది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకూ, తెలుగు వికీసోర్సుకూ ఆధారం ఇదే. మనలో ఎవరైనా తెలుగు వికీపీడియాలో ఒక్క అచ్చుతప్పైనా దిద్ది ఉంటే, వారికి ఈ సాఫ్ట్‌వేరు అప్పుడే కొంత తెలిసినట్లు.

మీడియావికీ

పైన చెప్పిన మాటల చిక్కుకు ఇందులో చక్కని పరిష్కారం ఉన్నది. దానిని దారిమార్పు అంటారు. “ద్యుతిసంశ్లేషణె” అనే పేరుతో ఒక పుట సృష్టించి, అందులో ఒకే ఒక్క వరుస వ్రాస్తాము. ఆ పేరుతో వచ్చినవారిని “కిరణజన్య సంయోగక్రియ” పుటకు అది తీసుకొని వెళుతుంది. ఇటువంటి దారిమార్పులు ఎన్నైనా పెట్టుకోవచ్చు. తెలుగు లిపిలో వ్రాసిన తమిళ పదం, కన్నడ లిపిలోని పదం, పిల్లలు తరచుగా తప్పు వ్రాసే రూపం, అన్నీ ఒకే పాఠానికి చేరుతాయి. పాఠాలు వ్రాయలేని తల్లిదండ్రులు, ఉభయ భాషలు తెలిసిన ఇల్లాళ్ళు కూడా ఈ దారిమార్పుల పనిలో సులువుగా పాలుపంచుకోవచ్చు. ఒక ఉపాధ్యాయుని దృష్టిలో ఈ సదుపాయం ఒక్కటే చాలు ఈ సాఫ్ట్‌వేరును ఎన్నుకోవడానికి.

ప్రతి పుటకూ చరిత్ర ఉంటుంది. ఎవరు, ఏ రోజు, ఏ మాట మార్చారో పాత ప్రతినీ కొత్త ప్రతినీ ప్రక్కప్రక్కన చూపుతుంది. ఎవరైనా చెరిపివేసినా ముందటి ప్రతిని తిరిగి తెచ్చుకోవచ్చు. పుట వెనుక చర్చ పేజీ ఉంటుంది. “మా వైపు రాగిముద్ద అంటాము, సంగటి అనము” వంటి వాదాలు పాఠంలోకి రాకుండా అక్కడే సాగుతాయి. వర్గం, మూస అనే సదుపాయాలతో పాఠాలను విషయాలవారీగానూ, రాష్ట్రాలవారీగానూ ఏకకాలంలో జాబితా కట్టవచ్చు. మనకు కావలసిన రెండు వరుసల గదులు ఇవే.

ఒకప్పుడు వికీలో వ్రాయడానికి కొన్ని గుర్తులు నేర్వవలసి ఉండేది. 2020లో వచ్చిన 1.35 సంచిక నుండి విజువల్ ఎడిటరు దానితోపాటే వస్తున్నది. కాగితం మీద వ్రాసినట్లే వ్రాయవచ్చు. యూనివర్సల్ లాంగ్వేజ్ సెలెక్టర్ అనే పొడిగింపును చేర్చితే, కీబోర్డు సాఫ్ట్‌వేరు వేరుగా లేని కంప్యూటరులో కూడా ఇంగ్లీషు అక్షరాల ఉచ్చారణతోనో, ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలోనో తెలుగు టైపు చేయవచ్చు. పాఠశాల కంప్యూటరులో ఏదీ స్థాపించే అధికారం లేని ఉపాధ్యాయులకు ఇది పెద్ద మేలు. మీటల మీది మాటలు, సూచనలు ట్రాన్స్‌లేట్‌వికీ అనే చోట స్వచ్ఛంద అనువాదకుల చేత తెలుగులోకి వస్తున్నాయి.

దీనితో ఇటువంటి పని సాగుతుందనడానికి నిదర్శనాలు మన పొరుగునే ఉన్నాయి. కేరళలో 2009లో మొదలైన స్కూల్‌వికీ మీడియావికీ పైనే నిర్మితమైనది. అక్కడి ప్రభుత్వ సంస్థ, నేటి పేరు కైట్, దానిని నడుపుతున్నది. ఒక్కొక్క పాఠశాలకు ఒక్కొక్క పుట. ఊరి చరిత్ర, పాఠశాల చరిత్ర, పూర్వ విద్యార్థుల వివరాలు ఉపాధ్యాయులూ పిల్లలూ మలయాళంలో వ్రాసుకొన్నారు. 2020లో పాఠశాలలు మూతపడినపుడు పిల్లలు ఇంట కూర్చొని వ్రాసిన కథలు, కవితలు, వ్యాసాలు వేల సంఖ్యలో అందులో చేరాయి. కర్ణాటకలో ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు ఐ.టి. ఫర్ ఛేంజ్ సంస్థ తోడ్పాటుతో నిర్మించుకొన్న కోయర్, అనగా కర్ణాటక ముక్త విద్యా వనరుల నిధి, మీడియావికీ మీదనే కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ నడిచింది. తెలంగాణలో కూడా అదే తరహాలో ప్రయత్నం జరిగింది. ఉభయ భాషలలో పాఠాలు ఎలా ప్రక్కప్రక్కన అమరుతాయో చూడగోరేవారికి కోయర్ మంచి నమూనా.

లోపాలు చెప్పకపోవడం న్యాయం కాదు. మీడియావికీ బహిరంగంగా చదివే వ్రాతల కోసం పుట్టినది. ఈ పుటను ఫలానా పదిమందే చూడాలి అని తాళం వేయడానికి అది తగినది కాదు. పైపై పొడిగింపులతో అలా చేసినా నమ్మదగినది కాదని దానిని తయారుచేసినవారే హెచ్చరిస్తారు. కనుక పిల్లల మార్కులు, చిరునామాలు అందులో పెట్టనే కూడదు. రెండవది, తలుపులు బార్లా తెరచి ఉంచితే ప్రకటనల చెత్త వచ్చి పడుతుంది. ఖాతా లేనివారు మార్చకుండా కట్టడి చేయడం మొదటి రోజే చేయవలసిన పని. ఖాతా తెరిచేటపుడు మన సొంత ప్రశ్న అడిగే సదుపాయం కూడా ఉన్నది. “అర డజను గుడ్లంటే ఎన్ని?” అని తెలుగులో అడిగితే మామూలు చెత్తయంత్రాలు అక్కడే చాలావరకు ఆగిపోతాయి.

మూడవది చిన్నదైనా మనకే వర్తిస్తుంది. మీడియావికీలో పుట పేరు 255 బైట్లకు మించరాదు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు. తెలుగులో ఒక్కొక్క సంకేతం మూడు బైట్లు. గుణింతపు గుర్తులు, పొల్లు కూడా వేర్వేరు సంకేతాలే. “కిరణజన్య సంయోగక్రియ” అనే పేరే 55 బైట్లు తీసుకొంటుంది. మొత్తం మీద తెలుగులో 85 సంకేతాలే పడతాయి. పాఠం పేరును వాక్యంలాగా సాగదీసే అలవాటు మన ఉపాధ్యాయులలో ఉన్నది కనుక ముందే చెప్పడం మంచిది.

మూడుల్

రెండవ పనికి, అనగా తరగతిని నడపడానికి, ప్రసిద్ధమైనది మూడుల్. దీని కథలో మనకు దగ్గరి సంగతి ఒకటి ఉన్నది. దీనిని సృష్టించిన మార్టిన్ డూజియామస్ పశ్చిమ ఆస్ట్రేలియాలోని మారుమూల ఎడారి ప్రాంతంలో పెరిగాడు. బడి అందుబాటులో లేని పిల్లలకు షార్ట్‌వేవ్ రేడియోలో పాఠాలు చెప్పే “స్కూల్ ఆఫ్ ది ఎయిర్” ద్వారా చిన్ననాట చదువుకొన్నాడు. పెద్దవాడై పెర్త్ నగరంలో ఈ సాఫ్ట్‌వేరును తయారుచేసి 2002 ఆగస్టులో మొదటి సంచిక విడుదల చేశాడు.

మూడుల్‌లో ఉపాధ్యాయుడు, విద్యార్థి, నిర్వాహకుడు అన్న పాత్రలు స్పష్టంగా ఉంటాయి. పరీక్షలు తానే దిద్దుతుంది. అప్పగించిన పనిని పిల్లలు పంపవచ్చు. ఒకరి వ్రాతను మరొకరు పరిశీలించి మార్కులు సూచించే ఏర్పాటు కూడా ఉన్నది. పదకోశం అనే సదుపాయంలో కఠిన పదాలకు అర్థాలు వ్రాస్తే, తగిన అమరిక చేసినపుడు, పాఠంలో ఆ పదం వచ్చినచోటల్లా అర్థానికి తానే లంకె వేస్తుంది. ఉభయ భాషల పిల్లలకు ఇది బాగా పనికివస్తుంది. తాళం వేసిన గదులు కావాలంటే మూడుల్ చేత కట్టించడమే మంచిది.

అయితే దీనిని నడపడానికి ఒక మనిషి కావాలి. ఖాతాలు తెరవడం, రహస్యపదం మరచిన పిల్లలకు మార్చి ఇవ్వడం, కొత్త సంచికలు ఎక్కించడం, వెనుక నిత్యం నడవవలసిన క్రాన్ అనే పని ఆగకుండా చూడడం, ఇవన్నీ ఒకరి నెత్తిన పడతాయి. పాఠం ఒక తరగతి గదిలో బంధింపబడి ఉండడం మరొక ఇబ్బంది. హోసూరు తరగతిలో వ్రాసిన పాఠం బరంపురం వారికి కనబడాలంటే ఎవరో దానిని ఎత్తి అక్కడ పెట్టాలి. ఎత్తిన తరువాత రెండు ప్రతులూ రెండు దారులు పడతాయి. ఒకచోట దిద్దిన తప్పు మరొకచోట మిగిలిపోతుంది. మూడుల్ లోపల కూడా వికీ అనే చిన్న సదుపాయం ఉన్నది. ఒక తరగతి పిల్లలు కలసి ఒక వ్యాసం వ్రాయడానికి అది చాలును గాని, అయిదు రాష్ట్రాల ఉపాధ్యాయుల ఉమ్మడి నిధికి చాలదు.

తక్కినవి

వర్డ్‌ప్రెస్ 2003 మేలో వచ్చింది. నేడు ప్రపంచంలోని జాలస్థలులలో అయిదింట రెండు వంతులకు పైగా దానిమీదే నడుస్తున్నాయి. మన ఊరి యువకునికి తెలిసినది కూడా చాలావరకు ఇదే. సంఘం వార్తలు, సభల ఫోటోలు, ఉత్సవాల ప్రకటనలకు ఇంతకంటె సులువైనది లేదు. కానీ దాని పుట్టుకే ఒక రచయిత, ఒక రచన, ఒక తేదీ అనే లెక్కమీద ఉన్నది. కొత్తది పైకి వస్తుంది, పాతది క్రిందికి జారుతుంది. భిన్నాల పాఠానికి పాతబడటం ఏమిటి?

డ్రూపల్ బెల్జియం దేశీయుడు డ్రీస్ బయ్‌టార్ట్ 2001లో విడుదల చేసినది. చాలా శక్తిమంతం, ఎలా కావాలంటే అలా మలచుకోవచ్చు. మలచేవాడికి జీతమివ్వాలి. దాని ఏడవ సంచికకు భద్రతా సవరణలు 2025 జనవరితో ఆగిపోయాయి. ఆ సంచికపై కట్టుకొన్న చిన్న సంస్థలు మారడానికి పడిన శ్రమ చూస్తే గ్రామ సంఘాలకు దీనిని సూచించబుద్ధి కాదు. జూమ్లాను గురించి కూడా ఇంచుమించు ఇదే అభిప్రాయం.

ఒక్క పాఠశాలకు, పదిమంది ఉపాధ్యాయులకు మాత్రమే కావాలంటే డోకువికీని చూడవచ్చు. 2004లో జర్మనీలో ఆండ్రియాస్ గోర్ ప్రారంభించాడు. దీనికి డేటాబేసు అక్కరలేదు. ప్రతి పుటా ఒక మామూలు పాఠ్యపు ఫైలుగా ఉంటుంది. ఆ సంచిని మొత్తంగా పెన్‌డ్రైవులో నకలు తీసుకొంటే భద్రపరచినట్లే. పుటల వారీగా అనుమతులు కూడా ఇవ్వవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం ఉన్నది. మామూలు అమరికలో అది పుట పేరును ఇంగ్లీషు సంకేతాలుగా మార్చి ఫైలుకు పెడుతుంది. ఒక తెలుగు సంకేతం తొమ్మిది గుర్తులవుతుంది. పేరు పాతిక సంకేతాలు దాటితే చిక్కు రావచ్చు. ఫైళ్ళ పేర్లు యూనికోడ్‌లోనే ఉంచే అమరికను మొదటే ఎన్నుకోవాలి.

దీక్షా వంటి ప్రభుత్వ వేదిక 2017 నుండి ఉండగా ఇవన్నీ ఎందుకు అని అడిగేవారు ఉన్నారు. పాఠ్యపుస్తకంలోని క్యూ.ఆర్. గుర్తును ఫోనుతో చూపి పాఠం వినడానికి అది ఉపయోగకరమే. కానీ అది పైనుండి వచ్చిన పాఠాన్ని చూపేది. పావగడ ఉపాధ్యాయుని వ్రాతను రాయగడ ఉపాధ్యాయుడు దిద్దేందుకు ఏర్పాటైనది కాదు. ఇక వాట్సాప్ బృందాలలో నిత్యం ఎన్నో మంచి పాఠాలు వస్తున్నాయి, మరునాటికి శుభోదయాల క్రింద పూడిపోతున్నాయి.

ఉచితంగా ఇచ్చే చోటు

సర్వరు బాధ లేకుండా ఎవరో ఉచితంగా ఇచ్చే చోట కట్టుకొంటే పోలేదా? ఇందుకు వికీస్పేసెస్ ఉదాహరణ చాలు. 2005లో మొదలైన ఆ సేవను ప్రపంచమంతటా ఉపాధ్యాయులు విరివిగా వాడారు. దానిని మూసివేస్తున్నట్లు 2018 ఆరంభంలో ప్రకటించారు. ఉచిత వికీలు, తరగతి వికీలు ఆ ఏడాది జులై 31తో మూతపడ్డాయి. ఆ లోపల పాఠాలను దింపుకొన్నవారికి దక్కాయి. ఆ ప్రకటన చూడని ఉపాధ్యాయుల సంవత్సరాల శ్రమ పోయింది. మనవంటి చోట, ఒకసారి టైపు చేసిన తెలుగు పాఠాన్ని మళ్ళీ టైపు చేసే ఓపిక ఎవరికి ఉంటుంది?

అందుచేత ఏ సాఫ్ట్‌వేరును ఎన్నుకొన్నా, సమావేశంలో అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: “మన పాఠాలన్నిటినీ ఒకేసారి బయటికి తీసుకోవడం ఎలా? తీసిన ప్రతి ఏ రూపంలో ఉంటుంది?” మీడియావికీ నుండి పాఠాలు ఎక్స్.ఎం.ఎల్. రూపంలో, వాటి చరిత్రతో సహా, వస్తాయి. మరొక మీడియావికీలో పెట్టుకోవచ్చు. ఏ వికీ లేకపోయినా ఆ ఫైలును తెరిస్తే తెలుగు పాఠం కంటికి కనబడుతుంది. మూడుల్ ఇచ్చే ప్రతి మరొక మూడుల్‌కే బాగా ఉపయోగపడుతుంది. జవాబు చెప్పలేని సేవ ఎంత అందంగా ఉన్నా దాని జోలికి వెళ్ళకపోవడం మేలు.

అక్షరాలు, హక్కులు, పిల్లల పేర్లు

మన ఉపాధ్యాయుల దగ్గర ఉన్న పాత ప్రశ్నపత్రాలు, పాఠాలు చాలావరకు అను ఫాంట్లతో పేజ్‌మేకరులో కూర్చినవి. వాటిని అలాగే తెచ్చి పుటలో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల కలగూరగంప కనబడుతుంది. కారణం, ఆ ఫాంట్లలో తెలుగు బొమ్మలు ఇంగ్లీషు సంకేతాల స్థానంలో కూర్చుని ఉంటాయి. 2000 దశకంలో పెద్ద తెలుగు పత్రికల జాలస్థలులు కూడా సొంత ఫాంట్లతో నడిచేవి. వాటిని యూనికోడ్‌లో చదివేందుకు ఫైర్‌ఫాక్స్‌లో “పద్మ” అనే పొడిగింపును వాడేవారము. నాటి వ్రాతలు నేడు వెదికితే దొరకవు. మార్పిడి సాధనాలతో పాత పాఠాలను యూనికోడ్‌కు మార్చి, ఒత్తులూ పొల్లులూ ఒకసారి కంటితో సరిచూసి, ఆ తరువాతనే ఎక్కించాలి. ఈ పని పదవ తరగతి పిల్లలకు అప్పగించవచ్చు. వారికి అక్షరదోషాలు పట్టడం కూడా అలవడుతుంది.

రాష్ట్ర ప్రభుత్వాల పాఠ్యపుస్తకాలను యథాతథంగా ఎక్కించరాదు. వాటికి హక్కులున్నాయి. రచయిత మరణించిన 60 ఏళ్ళకు మన దేశంలో సాధారణంగా హక్కు తీరిపోతుంది కనుక 1915లో గతించిన గురజాడ, 1919లో గతించిన వీరేశలింగం రచనలు వాడుకోవచ్చు. 1936లో ఒడిశాలో చేరిన పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడుగా పనిచేసి, సవర భాషకు ఎనలేని సేవ చేసిన గిడుగు రామమూర్తి 1940లో గతించారు. వారి కాలంలో అచ్చయిన రచనలూ ఇపుడు అందరివే. ఇవన్నీ తెలుగు వికీసోర్సులో వెదకి చూడదగినవి. మన ఉపాధ్యాయులు వ్రాసే పాఠాలకు క్రియేటివ్ కామన్స్ వారి “పేరు పేర్కొని, అదే షరతుతో పంచుకోండి” అనే అనుమతిని మొదటి రోజే ప్రకటించాలి. తరువాత ఒక్కొక్క రచయితను వెదకి అనుమతి అడగడం జరిగే పని కాదు.

పిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. 2023లో చేసిన వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండనివారిని బాలలుగానే చూస్తుంది. వారి వివరాలు సేకరించడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. మన పాఠాల నిధికి పిల్లల ఖాతాలు నిజానికి అవసరం లేదు. చదవడానికి ఖాతా అక్కరలేదు. పిల్లలు వ్రాసినది ఉపాధ్యాయుడు తన ఖాతా నుండి, పేరులో మొదటి అక్షరంతోనో అసలు పేరు లేకుండానో, ఎక్కించవచ్చు. మా బిడ్డ ఫోటో, ఇంటి పేరు, ఊరు, తరగతి అన్నీ ఒకే పుటలో ఎందుకు అని తల్లిదండ్రులు నిలదీయడంలో తప్పులేదు.

నెట్‌వర్కు అందని ఊళ్ళకు

సిరోంచ ప్రక్క పల్లెలలోనూ, రాయగడ కొండ ఊళ్ళలోనూ సంకేతం నిలకడగా అందదు. దీనికి రెండు మార్గాలు ఉన్నాయి. మీడియావికీలోని పాఠాలను జిమ్ అనే ఒకే ఫైలుగా కట్టి, కివిక్స్ అనే ఉచిత సాధనంతో ఫోనులో నెట్ లేకుండా చదువుకోవచ్చు. తెలుగు వికీపీడియా కూడా ఈ రూపంలో లభిస్తుంది. ఒకరి ఫోనులోకి వచ్చినది మెమరీ కార్డుతో ఊరంతా పంచుకోవచ్చు. రెండవది, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరును పాఠశాలలో పెట్టడం. దాని వై-ఫై పరిధిలో ఉన్న ఫోన్లన్నీ, బయటి నెట్ లేకుండానే, అందులోని పాఠాలను చూడగలవు. మూడుల్‌ను ఇలా నడిపే మూడుల్‌బాక్స్ అనే ఏర్పాటు సిద్ధంగా దొరుకుతుంది. పాఠాలు వ్రాసేవారు నెట్ ఉన్న చోట వ్రాస్తారు, చదివేవారికి నెల నెలా కొత్త ఫైలు చేరుతుంది. ఈ పద్ధతికి మీడియావికీ, కివిక్స్ జోడీ చవకైనది.

తాళపుచెవులు ఎవరి దగ్గర?

సరిహద్దు మండలంలోని ఒక సంఘం జాలస్థలి చక్కగా నడుస్తూ ఒకనాడు మాయమైంది. సర్వరు చెడలేదు. పేరు నమోదు కట్టిన యువకుడు విదేశాలకు వెళ్ళాడు, గడువు హెచ్చరికలు అతని పాత ఈ-మెయిలుకు పోయాయి, ఆ పేరును ఇంకెవరో కొనుక్కొన్నారు. సాఫ్ట్‌వేరు ఎంత మంచిదైనా దీనిని ఆపలేదు. పేరు నమోదు సంఘం పేరున ఉండాలి. ఈ-మెయిలు సంఘానిదై ఉండాలి. రహస్యపదాలు ముగ్గురికి తెలిసి ఉండాలి, ఆ ముగ్గురిలో ఒకరైనా ఊరిలోనే నివసించేవారై ఉండాలి. రుసుము ఒకేసారి కొన్ని సంవత్సరాలకు కట్టడం వీలైతే కట్టాలి.

సర్వరు అద్దెకిచ్చేవారు సాధారణంగా మీడియావికీ, మూడుల్, వర్డ్‌ప్రెస్‌లను ఒక్క మీటతో స్థాపించే సదుపాయం ఇస్తారు. స్థాపన అరగంట పని. కొత్త సంచికలు ఎక్కించడం ఏళ్ళ పని. మీడియావికీలో దీర్ఘకాల మద్దతు సంచికలు అని వేరుగా ఉంటాయి. వాటికి మూడేళ్ళ పాటు భద్రతా సవరణలు వస్తాయి. తీరిక తక్కువైన సంఘాలు వాటినే ఎంచుకొని, మధ్యలో వచ్చేవాటిని వదిలివేయవచ్చు.

భద్రపరచేటపుడు ఒక సంగతి తరచుగా మరచిపోతారు. మీడియావికీ ఇచ్చే ఎక్స్.ఎం.ఎల్. ఫైలులో పాఠాలే ఉంటాయి, బొమ్మలు ఉండవు. బొమ్మల సంచిని వేరుగా నకలు తీయాలి. ఒక ప్రతి సంఘ కార్యదర్శి ఇంట, ఒకటి పాఠశాలలో, ఒకటి వేరే ఊరిలో ఉంచడం మంచిది. వేసవి సెలవులలో ఒక పూట కేటాయించి, ఆ ప్రతులలో ఒకదానిని తీసుకొని వేరొక కంప్యూటరులో కొత్తగా మీడియావికీ స్థాపించి, పాఠాలు, బొమ్మలు, దారిమార్పులు అన్నీ తెరుచుకొంటున్నాయో లేదో చూడాలి. తెరుచుకోకపోతే ఆ ప్రతి ఉన్నా లేనట్లే. లోపం తెలిసిన ఆ రోజే కొత్త ప్రతి తీసుకోవాలి.